జరగని గొడవకు శాలువా ఎవరికి కప్పాలి?

(బెంగళూరులో ఒక తెలుగు సంఘం ఆదివారం సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పెద్దలకు, పిల్లలకు, లోపల వంటగదిలో ఇంకా పని చూసుకుంటున్నవాళ్ళకు కూడా.

వచ్చే ఉగాది నుంచి మన సంఘం ఏటా ఒక పురస్కారం ఇవ్వబోతోంది. కులమో మతమో భాషో అడ్డం వచ్చి మనుషులు విడిపోయిన చోట వాళ్ళను మళ్ళీ కలిపే పని చేస్తున్నవాళ్ళకు, అలాంటి బృందాలకు. ఎవరిని ఎంచుకోవాలో, ఎలా ఎంచుకోవాలో కాసేపు మాట్లాడమని కమిటీవాళ్ళు ఇంటికొచ్చి అడిగారు. వినగానే చాలా సంతోషమేసింది. ఆ రాత్రి పడుకున్నాక కొంచెం భయం కూడా వేసింది. రెండూ మీ ముందు పెడతాను.

నేను మదనపల్లె దగ్గర పల్లెటూళ్ళో పుట్టాను. టీచరు ఉద్యోగం వచ్చి బెంగళూరు చేరాక హలసూరులో ఒక తమిళ కుటుంబం ఇంట్లో ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాను. ఆ సందు మొదట్లో ఒక పిండిమర ఉండేది. నడిపేది మండ్య వైపు నుంచి వచ్చిన కన్నడాయన. రాగులు, బియ్యం, మిరపకాయలు, సాంబారుపొడి దినుసులు, అందరివీ ఆ మరలోనే. సందులో ప్రతి ఇంటి డబ్బా ఆయనకు తెలుసు. మూత సొట్టపోయింది ఎవరిది, ఎర్ర పెయింటుతో పేరు రాసుకున్నది ఎవరిది, తల తిప్పకుండా చెప్పేవాడు. ఏ భాషవాళ్ళైనా డబ్బా వరుసలో పెట్టాల్సిందే, వంతు వచ్చేదాకా ఆగాల్సిందే.

కర్ణాటక, తమిళనాడుల మధ్య నీళ్ళ తగాదా తేల్చడానికి వేసిన కావేరి ట్రిబ్యునల్ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వును 1991 డిసెంబరులో కేంద్రం గెజిట్‌లో ప్రకటించింది. ఏటా 205 టీఎంసీల నీళ్ళు తమిళనాడుకు అందేలా కర్ణాటక వదలాలన్నది ఆ ఉత్తర్వు. బెంగళూరు భగ్గుమంది. తమిళులున్న పేటల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి, ఎందరో మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలి వెళ్ళిపోయారు.

మా సందులోకి చీకటిపడే వేళకు ఒక గుంపు వచ్చింది. మా ఇంటి ఓనర్ల పేరు గేటు పక్కన రాతి మీద తమిళంలో చెక్కి ఉండేది. మరాయన మధ్యాహ్నమే పనిలో దిగాడు. మరలో ఉన్న డబ్బాలన్నీ మోసుకొచ్చి ఆ ఇంటి అరుగు మీద వరుసగా పేర్చాడు. ఖాళీ గోనెసంచులు తెచ్చి గేటు మీద, ఆ పేరున్న రాతి మీద ఆరేశాడు. తన స్టూలు తెచ్చుకుని గేటు ముందు కూర్చున్నాడు. చేతులకూ జుట్టుకూ అంతా పిండి. నేను కిటికీ తలుపు కొంచెం తీసి, మా చిన్నవాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టి చూస్తున్నాను.

గుంపులో ముందున్న అబ్బాయి "ఈ ఇల్లెవరిది?" అన్నాడు. "మర సామాను పెట్టుకునే ఇల్లు" అన్నాడాయన. అంతటితో ఆగలేదు. ఆ అబ్బాయి ముఖంలోకి చూసి, "మీ అమ్మ పొద్దున ఇచ్చిన రాగుల డబ్బా కూడా ఇక్కడే ఉంది. పిండి పట్టేశాను, తీసుకెళ్తావా?" అన్నాడు. అబ్బాయి డబ్బా తీసుకున్నాడు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఇంకా వేడి తగ్గని రాగిపిండి. రెండూ పట్టుకుని ఎంతసేపు నిలబడతాడు? గుంపు కదిలిపోయింది. పక్క వీధిలో ఒక టీ కొట్టు కాలింది. మా సందులో ఒక్క కిటికీ అద్దం పగల్లేదు.

గొడవలు సద్దుమణిగాక చుట్టుపక్కల తమిళ పెద్దలు నలుగురు దండ, శాలువా పట్టుకుని మరకు వచ్చారు. ఆయన చేతులు జోడించి వద్దన్నాడు. "మీ మనసు నాకు తెలుసయ్యా. కానీ మీరు నాకు దండ వేస్తే ఆ పిల్లలు నన్ను మీ మనిషి అనుకుంటారు. మళ్ళీ గొడవైతే నా మాట ఎవరు వింటారు?" అని మాత్రం అన్నాడు. వాళ్ళు శాలువా మడిచి తిరిగి పట్టుకెళ్ళారు. ఆ రోజు నాకు మనసు చివుక్కుమంది. ఇంత మంచి మనిషిని గౌరవించే భాగ్యం కూడా లేదా అనుకున్నాను. ఇన్నేళ్ళకు ఆయన మాట లోతు తెలుస్తోంది. నా సంతోషమూ భయమూ రెండూ అక్కడివే.

శాంతి కోసం చేసే పనిలో ఒక కష్టముంది. వంతెన కట్టినవాడికి చూపించడానికి వంతెన ఉంటుంది. గొడవ ఆపినవాడి దగ్గర ఏముంటుంది? జరగని గొడవ ఉంటుంది. జరగనిదాన్ని ఏ పేపరూ రాయదు. కాలిన టీ కొట్టు ఫొటో మర్నాడు వచ్చింది. అరుగు మీది డబ్బాల ఫొటో ఎవరూ తియ్యలేదు.

ముంబై పక్కన భివండి అని మరమగ్గాల ఊరుంది. అక్కడి పద్మనగర్‌కు వెళ్తే మనవాళ్ళే, తెలంగాణ నుంచి మగ్గం పని కోసం వలసపోయిన పద్మశాలీ కుటుంబాలు. ఆ ఊళ్ళో 1970లో ఒకసారి, 1984లో ఇంకోసారి ఘోరమైన హిందూ ముస్లిం అల్లర్లు జరిగాయి. 1988లో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి అక్కడికి డీసీపీగా వచ్చారు. పేటపేటకూ మొహల్లా కమిటీ పెట్టించారు. రెండు మతాలవాళ్ళూ అందులో ఉండాలి, ఊరు ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా కూర్చోవాలి. పంపు దగ్గర గొడవలు, అద్దె తగాదాలు, మైకు సౌండు, ఇలాంటి చిన్నచిన్న విషయాలే మాట్లాడుకునేవాళ్ళు. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో ముంబై తగలబడింది, దాదాపు 900 మంది చనిపోయారు. అంత దగ్గరలో ఉన్న భివండి, అంతకు ముందు రెండుసార్లు తగలబడిన భివండి, ఈసారి నిలబడింది. ఖోపడే పేరు కొందరికైనా తెలిసింది. ఆ కమిటీల్లో కూర్చున్న సాయిబుల పేర్లు, మగ్గం మేస్త్రీల పేర్లు, చాయ్ కొట్లవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి? మనం పురస్కారం ఇవ్వాలనుకుంటే ముందు ఈ పేర్లు వెతకడం నేర్చుకోవాలి.

ఇంకా దగ్గరగా, మన నేల మీదికి వస్తాను. 1951 ఏప్రిల్ 18. నల్లగొండ జిల్లా పోచంపల్లి. తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తున్న కాలం. దొరలకూ రైతులకూ మధ్య నెత్తురు పారుతోంది. వినోబా భావే కాలినడకన ఆ ఊరు చేరారు. ఊళ్ళోని దళిత కుటుంబాలతో మాట్లాడారు. నలభై కుటుంబాలు. మాకు ఎనభై ఎకరాలుంటే బతుకుతాం అన్నారు. వినోబా ఊరివాళ్ళ వైపు తిరిగి అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలిస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది. 1958లో వినోబాకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

వినోబా గొప్పతనం మీద నాకు అనుమానమేమీ లేదు. రామచంద్రారెడ్డి గారి చెయ్యి పెద్దది. కానీ ఆ రోజు మొట్టమొదట నోరు తెరిచి, మాకు ఇంత భూమి కావాలి అని లెక్క చెప్పింది ఎవరు? ఆ నలభై కుటుంబాలు. దొరల ఊళ్ళో, అందరి ముందూ, ఎనభై ఎకరాలు అని పలకడానికి ఎంత గుండె కావాలి! వాళ్ళు అడగకపోతే ఆ సాయంత్రం ఒక భజనతో, ఒక ప్రవచనంతో ముగిసిపోయేది. ఆ ఉద్యమంలో దానంగా ప్రకటించిన భూమిలో చాలా భాగం పేదల చేతికి అందలేదన్నదీ నిజమే. అయినా ఆ అడగడం మాత్రం పూర్తిగా వాళ్ళది. శాంతి చేసినవాళ్ళ జాబితాలో వాళ్ళను ఎందుకు రాయం?

ఇది గట్టిగా చెప్పడానికి కారణముంది. మా చిన్నమ్మను కడప జిల్లాలో ఒక ఫ్యాక్షన్ పల్లెకిచ్చారు. అక్కడ రాజీలు చాలా చూశాను. పెద్దమనుషులు కూర్చుంటారు, కేసులు తీసేసుకుందామంటారు, రెండు పార్టీల నాయకులూ చేతులు కలుపుతారు, పొట్టేళ్ళు కోస్తారు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి ఆ రోజు ఆ చుట్టుపక్కల కనపడదు. ఆమెను ఎవరూ పిలవరు. కోర్టులో ఏం చెప్పాలో ఇంటికొచ్చి చెప్పిపోతారు. దాన్ని శాంతి అనలేను. బలహీనుడి భుజం తట్టి సర్దుకుపొమ్మని చెప్పేవాళ్ళకు మన సంఘం శాలువా కప్పకూడదని చేతులు జోడించి అడుగుతున్నాను. దెబ్బ తిన్నవాళ్ళు "అవును, ఈయన మాకు మేలు చేశాడు" అనాలి. ఆ మాట పడందే ఎంత పెద్దమనిషి పేరైనా ముందుకు పోకూడదు.

ఇప్పుడు మళ్ళీ కావేరికి వస్తాను. బెంగళూరులో ఉండి కావేరి గురించి మాట్లాడకుండా ఈ విషయం మాట్లాడలేం. పొద్దున లేచి పట్టుకునే బిందెలోనే ఉంది అది.

2002లో వానల్లేవు. రెండు రాష్ట్రాల్లోనూ రైతు రోడ్డెక్కాడు. 2003లో చెన్నైలోని మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో ఆచార్యుడిగా ఉన్న ఎస్. జనకరాజన్ చొరవతో కర్ణాటక రైతులు, తమిళనాడు రైతులు ఒకచోట కూర్చున్నారు. ఆ బృందానికి కావేరి కుటుంబం అని పేరు పెట్టుకున్నారు. కర్ణాటక వైపు రైతు సంఘం నాయకుడు కె.ఎస్. పుట్టణ్ణయ్య, తమిళనాడు వైపు మన్నార్‌గుడి ఎస్. రంగనాథన్ అందులో ముఖ్యులు. రంగనాథన్ ఎవరో తెలుసా? కావేరి నీళ్ళ కోసం 1983లో సుప్రీం కోర్టుకెక్కిన డెల్టా రైతుల సంఘం నాయకుడు. ట్రిబ్యునల్ రావడానికి దారితీసిన కేసుల్లో అదీ ఒకటి. అంటే కోర్టులో పోరాడుతున్న మనిషే ఇక్కడ పక్కపక్కన కూర్చుని భోంచేశాడు. తన కేసు వదులుకోలేదు, తన రైతును వదులుకోలేదు. వదులుకోకుండానే కూర్చున్నాడు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

వీళ్ళు ఉపన్యాసాలతో సరిపెట్టుకోలేదు. ఇక్కడి రైతులు అక్కడికి పోయి డెల్టాలో నెర్రెలిచ్చిన మళ్ళు చూశారు. అక్కడి రైతులు ఇక్కడికొచ్చి మండ్య వైపు పొలాలు చూశారు. రైతుకు ఎండిన చేను చూపించి వేరే వివరణ ఇవ్వక్కర్లేదు. మట్టి చేతిలోకి తీసుకుంటే అతనికే తెలిసిపోతుంది.

నీళ్ళ పంపకానికి అందరూ ఒప్పుకునే లెక్క వాళ్ళకు కుదరలేదు. ఇంక ఏం సాధించినట్టు అని అడిగేవాళ్ళున్నారు. 2016 సెప్టెంబరు 12న సుప్రీం కోర్టు ఆర్డరు తర్వాత ఈ ఊళ్ళోనే పదుల బస్సులు తగలబెట్టారు, కర్ఫ్యూ పెట్టారు. మీలో చాలామంది ఆ రోజు పిల్లలు స్కూలు నుంచి ఇంటికి చేరేదాకా టెన్షన్‌తో చచ్చారు. కావేరి కుటుంబం దాన్ని ఆపలేకపోయింది, నిజం. 2018 ఫిబ్రవరి 16న సుప్రీం కోర్టు తుది తీర్పు వచ్చింది. తమిళనాడుకు 404.25 టీఎంసీలు, కర్ణాటకకు 284.75 టీఎంసీలు. ఆ రోజు బస్సులు కాలలేదు. అందులో పోలీసుల వంతెంత, తీర్పులో ఉన్న తూకం వంతెంత, ఒకరి ఊరికి ఒకరు పోయివచ్చిన ఆ రైతుల వంతెంత అని కొలిచే తక్కెడ లేదు. తీర్పు వచ్చిన రెండు రోజులకు పుట్టణ్ణయ్య మండ్యలో కబడ్డీ పోటీ చూస్తూ గుండెపోటుతో కన్నుమూశారు.

అందుకే కమిటీకి ఒక మాట. ఏం సాధించారు అని ఫలితం అడిగి మార్కులు వేస్తే ఇలాంటివాళ్ళందరూ ఫెయిలవుతారు. ఎన్నేళ్ళు నిలబడ్డారు, సొంతవాళ్ళు తిట్టినప్పుడు కూడా నిలబడ్డారా అని అడగండి.

2016 అనగానే ఇంకొకామె గుర్తొస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉండే అమ్మాయి, ఐటీ ఉద్యోగి. ఆ మధ్యాహ్నం మా వాట్సాప్ గ్రూపులో ఒకదాని మీద ఒకటి వీడియోలు పడుతున్నాయి. ఈమె ప్రతిదాని కింద కన్నడంలో, తమిళంలో, తెలుగులో ఒకే మాట రాసింది: "ఆగండి, కనుక్కుని చెప్తాను." నిజంగా కనుక్కుంది. ఆ ఏరియాల్లో ఉన్న స్నేహితులకు ఫోన్లు చేసింది. ఇది ఈ ఊరిది కాదు, ఇది పాతది, ఇది మాత్రం నిజం, ఆ రోడ్డు మీదికి పోకండి అని రాత్రి పదకొండింటి దాకా రాస్తూనే ఉంది. నిజమైనదాన్ని నిజమనే చెప్పింది, దాచలేదు. అందుకే ఆమె కాదన్నవాటిని అందరం నమ్మాం. ఆమె పని కూడా జరగని గొడవ ఖాతాలోదే.

పురస్కారం వల్ల చెడు కూడా జరగొచ్చన్న మాట దగ్గరికి వస్తాను. 1976 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్‌లో, బెల్‌ఫాస్ట్‌లో, సైనికుల కాల్పుల్లో డ్రైవరు చనిపోయిన కారు అదుపు తప్పి ముగ్గురు పసిపిల్లల ప్రాణం తీసింది. ఆ పిల్లల తల్లికి తోబుట్టువైన మెయిరెడ్ కొరిగన్, అది కళ్ళారా చూసిన బెట్టీ విలియమ్స్ వీధిలోకి వచ్చారు. క్యాథలిక్, ప్రొటెస్టెంట్ ఆడవాళ్ళు వేలల్లో కలిసి నడిచారు. ఇద్దరికీ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ డబ్బు తామే ఉంచుకోవాలన్న నిర్ణయం మీద సొంత ఊళ్ళోనే విమర్శలు రేగాయి. 1980కల్లా బెట్టీ తాము పెట్టిన శాంతి సంస్థనే వదిలేశారు. ఇద్దరినీ నేను తప్పుపట్టను. వేలమంది నడిచిన దారికి ఇద్దరి మెళ్ళో పతకం వేస్తే మిగతావాళ్ళ మనసులో ఏం జరుగుతుందో ఇచ్చేవాళ్ళు ఆలోచించాలి. 2005లో 1000 మంది శాంతి మహిళల పేర్లు కలిపి నోబెల్‌కు ప్రతిపాదించారు. అందులో మన దేశపు ఆడవాళ్ళూ ఉన్నారు. బహుమతి రాలేదు. కానీ వెయ్యి పేర్లు ఒకచోట రాసి పెట్టారు, ఆ పని చిన్నది కాదు.

మన దేశంలో కబీర్ పురస్కార్ అని ఒకటి పెట్టారు. ఒక కులంవాళ్ళో మతంవాళ్ళో ప్రాణాలకు తెగించి ఇంకొక వర్గంవాళ్ళ ప్రాణాలు కాపాడితే కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది. ఆ ఆలోచన నాకు ఇష్టం. మనవాళ్ళను మనం కాపాడుకోవడానికి పురస్కారమెందుకు? అవతలివాణ్ణి కాపాడితే కదా.

మరి మరాయన అడిగిన ప్రశ్నకు జవాబేమిటి? దండ ఏ వైపు నుంచి వచ్చినా ఆయన ఆ వైపు మనిషైపోతాడు కదా?

జవాబు హలసూరు చెరువు పక్కనే దొరికింది నాకు. తమిళ కవి తిరువళ్ళువర్ విగ్రహం 1991లో అక్కడ పెట్టారు. ఆవిష్కరణ జరగలేదు. పద్దెనిమిదేళ్ళు ముసుగులోనే ఉంది. స్కూలుకు పోతూ వస్తూ ఆ ముసుగు నేను ఎన్నిసార్లు చూశానో! 2009 ఆగస్టు 9న ఆ ముసుగు తీశారు. నాలుగు రోజులకు, ఆగస్టు 13న, చెన్నై అయనావరంలో సర్వజ్ఞుడి విగ్రహం ఆవిష్కరించారు. సర్వజ్ఞుడంటే కన్నడిగులకు మన వేమన లాంటివాడు, మూడు పాదాల్లో లోకం మొత్తం చెప్పినవాడు. కరుణానిధి ఇక్కడికొచ్చారు, యడియూరప్ప అక్కడికి వెళ్ళారు. రాజకీయ లెక్కలు వాళ్ళకుండొచ్చు, ఉండనివ్వండి. కానీ ఆ ఏర్పాటు చూడండి. మీ కవిని మా ఊళ్ళో నిలబెడతాం, మా కవిని మీ ఊళ్ళో నిలబెట్టండి. గౌరవం రెండు వైపుల నుంచీ ఒకే వారంలో వచ్చింది. ఎవరూ ఎవరి మనిషీ కాలేదు.

మనం తెలుగువాళ్ళం ఈ ఊళ్ళో కన్నడిగులకూ తమిళులకూ మధ్య ఉన్నవాళ్ళం. ఇద్దరి మాటా అర్థమవుతుంది. కానీ ఒకప్పుడు మనమూ ఒక పక్షమే. మద్రాసు మనదే అని తమిళులతో ఎంత తగాదా పడ్డాం! 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ఆ ఊళ్ళోనే, 58 రోజుల నిరాహార దీక్ష తర్వాత ప్రాణం వదిలారు. తిరుత్తణి ఏ రాష్ట్రానిదన్న గొడవ మా చిత్తూరు జిల్లావాళ్ళకు ఇంటి కథ. 1960 ఏప్రిల్ 1 దాకా సాగింది. మరి అదే మద్రాసు దాహం తీర్చడానికి 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా అయిదు టీఎంసీల కృష్ణ నీళ్ళు ఇస్తామన్నాయి. ఆ నీళ్ళు తెలుగుగంగ కాలువలో రాయలసీమ ఎండలో నడిచి 1996లో పూండి చెరువు చేరాయి. తగాదా పడ్డవాళ్ళ పిల్లలే ఆ కాలువ తవ్వారు.

కాబట్టి నేను అడిగేది ఒకటే. మన నామినేషన్ ఫారంలో రెండు సంతకాల గళ్ళు పెట్టండి. ఒకటి ఈ వైపువాళ్ళది, ఇంకొకటి ఆ వైపువాళ్ళది. తగాదా తెలుగు, కన్నడవాళ్ళ మధ్యదైతే ఒక తెలుగు సంతకం, ఒక కన్నడ సంతకం. మసీదు వీధి, గుడి వీధి మధ్యదైతే రెండు వీధులవీ. రెండో సంతకం దొరకని పేరు ఆ ఏటికి పక్కన పెట్టండి. శాలువా కూడా ఇద్దరూ చెరో కొస పట్టుకుని కప్పాలి. బృందమైతే నాయకుణ్ణి ఒక్కణ్ణే వేదిక మీదికి పిలవొద్దు. అందరినీ పిలవండి, వేదిక చాలకపోతే మనం కిందికి దిగుదాం. ఇంక, సన్మానం వద్దు అన్నవాళ్ళను బలవంతపెట్టొద్దు. వాళ్ళ పేరు మన దగ్గర ఒక పుస్తకంలో రాసుకుని మూసి పెడదాం.

ఫారం కన్నడం, తమిళం, ఉర్దూల్లో రాయించి అచ్చు వేయించే పని నేను చూసుకుంటాను. నా పాత విద్యార్థులున్నారు.

మరాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ చోట ఇప్పుడు మొబైల్ షాపుంది, ఆయన కొడుకు నడుపుతున్నాడు. మా ఓనర్ల అమ్మాయి ఇప్పటికీ సంక్రాంతికి వాళ్ళింటికి పొంగలి పంపుతుంది. పోయిన వారం ఇద్దరికీ ఫోన్ చేశాను. ఆ అమ్మాయి సంతకం పెడతానంది. రెండో సంతకం కోసం ఆ రోజు కర్ర పట్టుకుని, రాగిపిండి డబ్బా తీసుకుపోయిన ఆ అబ్బాయిని వెతకాలి. ఇప్పుడు అతనికి యాభై దాటి ఉంటాయి. ఆ పేటలోనే ఉన్నాడని మొబైల్ షాపు అబ్బాయి అన్నాడు. వచ్చే ఆదివారం పొద్దున వెళ్తున్నాను. నాతో రాగలిగినవాళ్ళు సభ అయ్యాక పేరు చెప్పండి.